కుదపని బండి

బత్తలపల్లె,
మార్చి 1959, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి ఆంజినమ్మకు మామ నరసింహప్ప దీవెనలు.

ఇక్కడ నేను, అవ్వ, పాప, మేకలు, అందరం బాగానే ఉన్నాం. వాన లేదని వేరే రాయనక్కరలేదు. నువ్వు కులాసా అని రాసినా నేను నమ్మను కాబట్టి, నడుములో పోటు తగ్గిందో లేదో, అన్నం సయిస్తోందో లేదో అది రాయి చాలు. మన పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా అమ్మను నువ్వు అత్తా అని పిలిచిన పాపాన పోలేదు, చిన్నప్పటి నుంచీ పిలిచినట్టు అవ్వా అనే పిలుస్తావు. నేనూ ఈ ఉత్తరంలో అవ్వ అనే రాస్తాను.

ఈసారి అక్షరాలు ఇంతింత లావున ఉన్నాయేమిటా అనుకుంటావేమో. వెల్లకిలా పడుకుని రెండు చేతులూ పైకెత్తి చదవాల్సి వస్తోందని, భుజాలు లాగుతున్నాయని రాశావు కదా. పెద్ద అక్షరాలైతే గబగబా చదివేసి చేతులు దించుకోవచ్చు. ఆసుపత్రిలో చేరేనాటికి నీ పేరు తప్ప రాయడం రాని దానివి, ఇప్పుడు నా ఉత్తరంలో తప్పులు వెదికి పంపుతున్నావు. నీకు చదువు నేర్పిన ఆ పక్క మంచం పంతులమ్మకు నా నమస్కారాలు చెప్పు. కానీ ఈ ఉత్తరం మాత్రం ఆమె చేత చదివించుకోవద్దు. ఎంత ఆలస్యమైనా సరే, నువ్వే చదువుకో. ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. ఆసుపత్రి ఉన్న కదిరి నుంచి ధర్మవరం దాకా రైలుంది కదా, నన్ను రైల్లో తేకూడదా అన్నావు. స్టేషన్లో అడిగాను. వెన్ను కదలకుండా నిన్ను పడుకోబెట్టిన ఆ సున్నం తొట్టె రైలుపెట్టె తలుపులో తిరగదట. గార్డు పెట్టెలో సామాన్ల పక్కన పెడితే చూస్తామన్నారు. వాళ్ళు మంచిగానే చెప్పారు, నాకే మనసొప్పలేదు. పోనీ అని ఒప్పుకున్నా, ధర్మవరంలో దించాక మన ఊరిదాకా ఎద్దులబండే గతి. ఆ బండెక్కితే ఏమవుతుందో డాక్టరుగారు మనిద్దరి ఎదుటే చెప్పారు.

మన పాప చిన్నక్క నన్ను గుర్తుపడుతుందా అని అడిగావు. పడుతుంది. అమ్మ ఎట్లా ఉందని అడిగితే, ఒళ్ళంతా సున్నం కట్టి తెల్లగా పడుకోబెట్టారని ఒకసారి చెప్పాను. మరునాడు అది గోడకు కొట్టడానికి ఉంచిన సున్నం తెచ్చి గుడ్డబొమ్మకు మెడదాకా పూసి ఎండలో పెట్టింది. ఇప్పుడు ఆ బొమ్మను ఎవరూ కదపకూడదు. కదిపితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. ఆ పట్టుదల నా వైపుది కాదు.

ఒక్క ప్రయాణానికి నేను తయారుచేస్తున్న బండిలో అలమర ఎందుకు, కిటికీకి తెర ఎందుకు, పిచ్చిగానీ పట్టిందా మామా అని కూడా అడిగావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు బండి సంగతి పూర్తిగా విను. ఇదివరకు షెడ్డులో కట్టే లారీ కమాన్ల గురించి నేను ఎప్పుడు మొదలుపెట్టినా నువ్వు పొయ్యి మీద ఏదో మాడిపోతోందని లేచి వెళ్ళేదానివి. ఇప్పుడు లేచే వీలు లేదు కాబట్టి వినక తప్పదు.

డాక్టరుగారి మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. వెన్నుపూసలో పట్టిన క్షయ సూదులతో ఆగింది, ఇక ఎముక అతుక్కోవాలి, అతుక్కునేదాకా ఆ తొట్టెలోనే పడుకుని ఉండాలి. ఇంట్లో పడుకున్నా అతుక్కుంటుంది. కానీ దారిలో గట్టి కుదుపు తగిలిందంటే అతుకుతున్నది మళ్ళీ విడిపోతుంది, అప్పుడు కాళ్ళు కూడా పడిపోవచ్చు. "కుదపని బండి తెస్తే పంపుతాను. బండిని నేనే చూస్తాను. బాగా లేదంటే ఇంకో ఏడాది ఇక్కడే" అన్నారు. ఆయన పోయాక ముఖం పక్కకు తిప్పుకోవడం కూడా రాక, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నావు. ఆ రోజు నుంచీ నాకు ఇంకో పని లేదు.

మిషను కాంపౌండులో వేపచెట్టు కింద పడి ఉన్న దొర బండి నీకు తెలుసు. యుద్ధానికి ముందు ఒక తెల్ల పాదిరి ఊరూరా తిరగడానికి తెప్పించుకున్నది. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే ఇల్లు. పడుకునే పలక, కూర్చునే బల్ల, రెండు కిటికీలు అన్నీ ఉన్నాయి. దొర పోయాక అందులో కోళ్ళు కాపురం పెట్టాయి. ఇప్పుడున్న పాస్టరు దివాకర్ అయ్యగారిని అడిగితే, "తీస్కపోప్పా, కోళ్ళకు నేను చెప్పుకుంటా" అన్నారు. లాగడానికి మిషను జీపు కూడా ఆయనే తోలుతానన్నారు.

లోపల కడిగి, కలప మార్చి, పైన రేకు వేయడం పెద్ద పని కాలేదు. అసలు పని కింద ఉంది. కమానంటే తెలుసు కదా, ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన కట్ట. బండి బరువంతా దాని మీదే ఉంటుంది, గుంత వచ్చినప్పుడు అదే వంగి లేస్తుంది. దొర బండి కమాన్లు దొరల దేశం రోడ్ల కోసం చేసినవి. సన్నగా, ఆడపిల్ల గాజుల్లాగా ఉన్నాయి. ఒకటి విరిగింది, మిగిలినవి తుప్పు పట్టి అతుక్కుపోయాయి. నేను, కమ్మరి బయ్యన్న వాటిని చూసి నవ్వుకున్నాం. ముదిగుబ్బ దాటితే రోడ్డెట్లా ఉంటుందో నీకు తెలుసు. వెళ్ళేటప్పుడు నిన్ను ఆ దారినే తీసుకుపోయాను, నీ పంటి కింద పెదవి నలిగి రక్తం వచ్చింది.

అందుకని మా షెడ్డులో పాత లారీ పట్టీలు ఏరి, బయ్యన్న కొలిమిలో వేసి వంచి, ఒక్కొక్క వైపు జానెడు మందాన కట్టాం. వంచిన పట్టీ నీళ్ళలో ముంచితే పగులుతుందని శనక్కాయల నూనెలో ముంచాడు. ఆ వాసనకు దారిన పోయేవాళ్ళు షెడ్డులో బోండాలు వేస్తున్నారేమోనని తొంగి చూశారు. అంతా బిగించాక బయ్యన్న వెనక నిలబడి బండిని తన్ని, "అన్నా, ఏనుగెక్కినా విరగదు" అన్నాడు. నాకు ఛాతీ ఉబ్బింది. నీకు ఉత్తరం రాసింది ఆ సాయంత్రమే. బండి తయారైపోయింది, వారంలో వస్తానని రాశాను. అది నమ్మి నువ్వు జడ వేయించుకున్నానని రాశావు.

మరునాడు పరీక్షకు తీశాం. అయ్యగారు జీపు తోలారు, నేను లోపల పలక మీద నీలాగా వెల్లకిలా పడుకున్నాను. అలమరలో అవ్వ ఇచ్చిన మజ్జిగ ముంత పెట్టాను. ఊరి చివర మొదటి గుంతకు నేను పలక మీద లేను, పైకప్పు దగ్గర ఉన్నాను. రెండో గుంతకు మజ్జిగ ముంత నా దగ్గరికి వచ్చింది. ఆపండయ్యా అని అరుస్తుంటే జీపు చప్పుడుకు ఆయనకు వినపడలేదు, పైగా బాగా పోతోందని ఇంకా వేగం పెంచారు. దిగేసరికి నా నడుము నాది కాదు. అవ్వకు నా నడుము కన్నా మజ్జిగ పోయిందనే బాధ ఎక్కువ.

నుదుటి మీద బొప్పితో రోడ్డు పక్క కూర్చున్నాను. నిజం చెబుతున్నా, ఆ పూట నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు బండ్ల కింద పడుకుని బతికినవాణ్ణి, నా పెళ్ళానికి ఒక్క బండి చేయలేకపోయానని. అప్పుడే నారాయణప్ప శనక్కాయల లారీ వచ్చింది. పైన మూటలు తాడిచెట్టు ఎత్తు. నేను ఎగిరిపడిన ఆ గుంతలోనే అదీ దిగి లేచింది. మూటల మీద హమాలీ ఒకడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అటు నుంచి ఇటు ఒత్తిగిలలేదు కూడా.

అక్కడ నా బుద్ధి కొంచెం పనిచేసింది. ఆ లారీ కమాన్లు కూడా నేను కట్టినవే. నిండా బరువుంటే పట్టీ వంగుతుంది, కుదుపును అది మింగుతుంది. బరువు లేకపోతే పట్టీ వంగదు, గుంతను తీసుకొచ్చి మనిషి వీపుకే కొడుతుంది. ఇది నాకు తెలియక కాదు. కానీ మా షెడ్డుకు వచ్చినవాళ్ళెవరూ ఇన్నేళ్ళలో మెత్తదనం అడగలేదు. పట్టీ విరగకూడదు, ఇంకో పది మూటలు పట్టాలి, అంతే అడిగారు. కమానంటే గట్టిగా ఉండటమే అన్న ఆలోచన చేతుల్లోకి ఎక్కిపోయింది. శనక్కాయలు మోసే కమాన్ల మీద, ఎండిపోయి సగమైన నిన్ను పడుకోబెట్టబోయాను.

కట్టినదంతా విప్పాం. బయ్యన్నకు ప్రాణం ఉసూరుమంది. దొర కమాన్ల వరసలోనే సన్నవి కొత్తగా చేసి, కానీ పొడుగు పెంచి, బండి అడుగున కొక్కేలు ముందుకూ వెనక్కూ జరిపి వేలాడదీశాం. పొడుగు పట్టీ మెల్లగా వంగి మెల్లగా లేస్తుంది. పట్టీకీ పట్టీకీ మధ్య ఆముదం కలిపిన గ్రీజు పూశాం. టైర్లలో గాలి తగ్గించాం. నీ పలక కింద లారీ ట్యూబులు సగం గాలితో పరిచి, పలక జారకుండా నాలుగు మూలలా కట్టాను. ఇక బరువు కావాలి. చిత్రావతి ఏట్లో ఇసుక తవ్వి సంచుల్లో పోసి, ఇరుసుకు సరిగ్గా పైన, బండి లోపలి నేల మీద రెండు వైపులా పేర్చి బిగించాను. ఈ సీమలో దేనికి కరువొచ్చినా ఇసుకకు రాదు.

ఇంతవరకు చదివావు కదా, ఇప్పుడు చేతులు దించుకుని కాసేపు ఊపిరి తీసుకో. తర్వాత ఈ కింది భాగం చదువు.

అలమర ఎందుకని అడిగావు. ఆ బండి నిన్ను తేవడానికే కాదు. తెచ్చాక నువ్వు ఉండటానికి కూడా.

డాక్టరుగారు పంపుతానన్న రోజున నేను ఎగురుకుంటూ ఇంటికొచ్చి చెబితే, అవ్వ చేస్తున్న పని ఆపి, "ఇంట్లోకి మాత్రం వద్దు నాయనా" అంది. ఎముకలో ఉండేది ఊపిరితో అంటదని డాక్టరు చెప్పాడన్నాను. "నీ డాక్టరు మారెక్కను సూసినాడా?" అంది. మా అక్క మారెక్కను, నిన్ను కన్న తల్లిని, దగ్గు పట్టి ఎట్లా పోగొట్టుకున్నామో నీకు గుర్తుండదు, నువ్వు అప్పుడు మన చిన్నక్క అంత ఉన్నావు. ఆఖరి రోజుల్లో ఆమెను దొడ్లో మేకల కొట్టంలో వేరే ఉంచారు. నీకు అంటకూడదనే ఉంచారు. అవ్వ ఇప్పుడు చిన్నక్కను చంకనేసుకుని అదే మాట అంది. "ఈ బిడ్డను యాడ పెట్టుకోమంటావురా? ఒకసారి అయింది సాల్దా?"

ఊరివాళ్ళయితే సరేసరి. బావి దగ్గర చెంబు దూరం పెడతామని నాకే మొహం మీద చెప్పినవాళ్ళున్నారు. వాళ్ళ సంగతి నాకు లెక్క లేదు. అవ్వ అన్నదే గుచ్చుకుంది. నిన్ను పాలు పోసి పెంచింది ఆమె, నాకిచ్చి చేసింది ఆమె, రానివ్వననేదీ ఆమె. నాకు కోపమొచ్చి రెండు రోజులు ఆమె చేతి ముద్ద తినలేదు. కానీ ఆమెది కసి కాదు ఆంజినమ్మా, భయం. అది నాకు తెలుసు కాబట్టే గట్టిగా పోట్లాడలేకపోయాను.

అందుకని అలమర చేశాను, తెర కట్టాను, కింద నాకు చాప పట్టేంత చోటు వదిలాను. బండిని షెడ్డు పక్కన చింతచెట్టు నీడలో నిలబెట్టి, నువ్వూ నేనూ అందులోనే ఉండాలని, చిన్నక్కను కిటికీలోంచి నీకు చూపించాలని అనుకున్నాను. ఇది నీకు రాయకుండా, ఇంటికి తెస్తాను, ఇంటికి తెస్తాను అని రాస్తూ వచ్చాను. నువ్వు ఉత్తరం ఉత్తరానికీ ఇంట్లో నీ మంచం ఏ మూల వేస్తారని అడుగుతుంటే ఏమి రాయను. అబద్ధం రాయలేదు, నిజమూ రాయలేదు. ఎదురుగా ఉంటే నా ముఖం చూసి కనిపెట్టేసేదానివి.

ఇక మొన్నటి సంగతి.

రెండో పరీక్షకు పలక మీద నేను పడుకుంటే కుదరదు. నేను నీకు రెండింతలుంటాను, పైగా కమాను ఎట్లా వంగుతోందో నేను బయట నుంచి చూడాలి. బయ్యన్నను అడిగాను. అతను కొలిమి వైపు చూస్తూ, "అన్నా, పట్టీ కొట్టమంటే పొద్దుగూకులూ కొడ్తా. ఆ పలక మీద మాత్రం నన్ను పండుకోమనాకు. పిల్లలు గలవాణ్ణి" అన్నాడు.

అప్పుడు అవ్వ నాకు సంగటి తెచ్చి అక్కడే నిలబడి ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బండికి పది బారల దూరంలో. ఆ మాట విని ఆమెకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఏమప్పా బయ్యన్నా, మా పిల్ల ఇంగా దాండ్లో కాలే పెట్టలేదు. అప్పుడే నీకు అంటుకుంటాండాదా?"

"మరి నువ్వేంటికి కొంగు అడ్డం పెట్టుకున్యావు అవ్వా?" అన్నాడు బయ్యన్న.

నేను పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాను. అవ్వ కొంగు దించింది. తర్వాత సంగటి గిన్నె నా చేతిలో పెట్టి, బండి మెట్టు మీద కాలు పెట్టి, "యాడ పండుకోవల్ల?" అంది.

ఆమె ఇప్పుడు అచ్చంగా నీ బరువే ఉంటుంది. పలక మీద పడుకోబెట్టి, చంకల దగ్గర నుంచి తొడల దాకా గుడ్డ పట్టీలతో కదలకుండా కట్టాను. ఏంటికిరా కట్టేది అంది. కుదుపొచ్చినప్పుడు మనమైతే పట్టుకుంటాం, పక్కకు ఒరుగుతాం, ఆంజినమ్మ ఒరగలేదు, పట్టుకోలేదు అని చెప్పాను. సరే కట్టు అంది. అయ్యగారు జీపు తోలారు, నేను వెనక మెట్టు మీద నిలబడి ఒక కన్ను కమాను మీద, ఒక కన్ను ఆమె మీద ఉంచాను. నన్ను పైకప్పుకు కొట్టిన గుంత వచ్చింది. కమాను నీళ్ళలో మునిగినట్టు మెల్లగా దిగి మెల్లగా లేచింది. అవ్వ తల కూడా కదలలేదు. ముదిగుబ్బ దాటి ఆ చెడ్డ రోడ్డు మీద కూడా కొంతదూరం పోయి వచ్చాం.

షెడ్డు దగ్గర ఆగగానే బయ్యన్న పరుగెత్తుకొచ్చాడు. "కుదిపిందా అవ్వా?"

"ల్యా. ఉయ్యాల్లో ఏసినట్ట్యా ఉండె" అంది. కానీ లేవలేదు. నేను కట్లు విప్పాను, అయినా అట్లాగే పడుకుని పైకప్పు చూస్తోంది. ఏమైందమ్మా, నడుము పట్టిందా అని అడిగాను.

"నరసింహా, పోతాంటే చింతచెట్లు కనపల్యా, మనుషులు కనపల్యా. ఈ రేకు తప్ప ఏం కనపల్యా. ఆ పిల్ల ఇట్లనే ఉండాదా, ఇన్నాళ్ళూ?"

ఉందన్నాను.

"ఈగ వాల్తే?"

ఎవరో ఒకరు తోలాలి అన్నాను.

ఆమె లేచి కూర్చుని, చీర సర్దుకుని, నేను జన్మలో వినని గొంతుతో అంది: "మారెక్క కొట్టంలో నుంచి పిల్చేది. అమ్మా, ఈగలే అని. నేను గడప కాడ నిలబడి, బిడ్డను ఎత్తుకోని, లోపలికి పోల్యా. ఒకతిని బయట పెడితిని. రెండోదాన్ని బయట పెట్టలేనప్పా నేను."

అయ్యగారు జీపు దగ్గరే తల వంచుకుని నిలబడ్డారు. నేను వంగి టైరు గాలి చూశాను.

ఇంటికి నడుస్తూ దారిలో అవ్వ ఒకే ఒకటి అడిగింది, ఆ సున్నం తొట్టె ఎంత వెడల్పు ఉంటుందని. చేతులు చాచి చూపించాను. ఆమె తన చేతులు కూడా అట్లాగే చాచి, ఆ చేతులు అట్లాగే పట్టుకుని కొంతదూరం నడిచింది. నాకు నవ్వొచ్చింది, ఎందుకో అడగలేదు.

నిన్న పొద్దున నేను షెడ్డుకు పోయాను. దివాకర్ అయ్యగారితో ప్రయాణం మాట్లాడుకున్నాను. ఎండెక్కకముందే అక్కడికి చేరేలా వస్తాం, డాక్టరుగారు కావాలంటే ఆయనే పడుకుని చూసుకోవచ్చు, ఇసుక సంచులు విప్పించకుండా ఉంటే చాలు. అవ్వ కూడా వస్తానంది. బల్ల మీద నీ తల దగ్గర కూర్చుంటుందట, ఈగలు తోలడానికి. మనిషి బరువు కూడా కలిస్తే కమాను ఇంకా మెత్తగా ఆడుతుంది కాబట్టి నేను వద్దనలేదు.

మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి మన వాకిట్లో జనం. అవ్వ గడ్డపార పట్టుకుని ఉంది. పసుపు కుంకుమలు పెట్టిన మన గడప పెరికి, వాకిలి చట్రం, తలుపులు అన్నీ ఊడదీసి గోడకు ఆనించింది. ఒక పక్క మట్టిగోడ నిలువునా పడగొట్టింది. చిన్నక్క ఆ మట్టిగడ్డలు మోసి బొమ్మకు ఇల్లు కడుతోంది. హనుమక్క పెద్దమ్మ నోరు నొక్కుకుని అవ్వతో, "గడప పెరుకుతారా చౌడమ్మా ఎవరన్నా, ఇంటికి అరిష్టం గదా" అంటోంది. అవ్వ గడ్డపార ఆపకుండానే, "ఆ పిల్ల తొట్టె దీంట్లో పట్టదు. పక్కకు వంచి తేకూడదంట. నేరుగా తేవల్లంటే ఇంత కావల్ల" అని చేతులు చాచి చూపించింది. మొన్న దారిలో చాచినంతే ఉన్నాయి ఆ చేతులు, ఒక బెత్తెడు కూడా తగ్గలేదు.

నీ మంచం ఏ మూల వేస్తారని అడిగావు కదా. మూల కాదట. ఈ కొత్త సందుకు ఎదురుగా వేస్తుందట, పడుకున్నా వీధి కనపడేటట్టు.

కాబట్టి నేను దాచినదంతా రాసేశాను, కోపమొస్తే వచ్చి తిట్టు. బండిలో అలమర మాత్రం ఊడదీయను, కష్టపడి చేసుకున్నాను. ఈ ఉత్తరం అందగానే డాక్టరుగారిని అడిగి, ఎప్పుడు రమ్మంటారో రెండు ముక్కలు రాయించు, నువ్వే రాస్తే ఇంకా మేలు. ఆలస్యం చేయనివ్వకు. ప్రస్తుతం మన ఇంటికి తలుపు లేదు. కుక్కలు రాకుండా అవ్వ ఆ సందుకు అడ్డంగా నులకమంచం వేసుకుని, కట్టె పట్టుకుని కూర్చుంది. నువ్వు లోపలికి వచ్చేదాకా గోడ కట్టనివ్వదట.

ఇట్లు,
నీ దారి చూస్తున్న మామ,
నరసింహప్ప